సర్టిఫికెట్ చేతికొచ్చాక

2018 ఆగస్టులో తెలంగాణలో ఒకేసారి 68 కొత్త మున్సిపాలిటీలు పుట్టాయి. కామారెడ్డి జిల్లా ఎల్లారెడ్డి వాటిలో ఒకటి. ముందు రోజు దాకా అది గ్రామ పంచాయతీ. ఊరు రాత్రికి రాత్రి మారిపోలేదు. అవే పొలాలు, అవే ఇండ్లు, మెదక్ వైపూ కామారెడ్డి వైపూ అవే బస్సులు. మారింది అక్కడి యువత ఏ పద్దు కిందికి వస్తారన్నది. అప్పటి వరకు గ్రామీణ యువత అనిపించుకున్నవారు పట్టణ యువత అయ్యారు. ఉపాధి హామీ పని గ్రామాలకే పరిమితం కాబట్టి అది ఆగింది. దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన కూడా గ్రామాలదే. డిచ్‌పల్లిలో స్టేట్ బ్యాంకు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ (ఆర్సెటీ)లో తిండి, వసతితో ఉచితంగా నేర్పే స్వయం ఉపాధి కోర్సులూ గ్రామీణ యువతను దృష్టిలో పెట్టుకున్నవే. వీటికి బదులుగా దక్కింది మెప్మా, అంటే పట్టణ పేదల కోసం 2007లో మొదలైన సంస్థ. పట్టణ నైపుణ్య శిక్షణ మాత్రం హైదరాబాద్ లాంటి పెద్ద నగరాల చుట్టూనే బలంగా పెరిగింది. రైలు మార్గం లేని ఎల్లారెడ్డి పిల్లవాడికి అది కాగితం మీద దగ్గర, బస్సు లెక్కలో దూరం.

పేద యువత చదువు, ఉపాధి గురించి మన దగ్గర జరిగే చర్చంతా రెండు చివరల మధ్య తిరుగుతుంది. ఒక చివర మహానగరపు బస్తీ, రెండో చివర పల్లె. మధ్యలో ఉన్న చిన్న పట్టణం ఎవరికీ పూర్తిగా చెందదు. కామారెడ్డి, ఎల్లారెడ్డి లాంటి చోట్ల ఈ ప్రశ్నను విడిగా చూడాల్సిన అవసరం ఇక్కడే ఉంది.

2016 అక్టోబరు 11న నిజామాబాద్ నుంచి విడిపోయి ఏర్పడిన కామారెడ్డి జిల్లాలో 2011 జనగణన ప్రకారం 9.72 లక్షల మంది ఉన్నారు. అక్షరాస్యత 56.5 శాతం. రాష్ట్ర సగటు అప్పటికి 66 శాతం దాటింది. వెయ్యి మంది మగవారికి 1,033 మంది ఆడవారు. ఈ చివరి అంకె వెనుక ఇక్కడి బతుకు తీరు కొంత కనిపిస్తుంది. మగవాళ్లు దుబాయికి, సౌదీకి, బొంబాయికి వలస పోయారు. ఆడవాళ్లు ఇంటి దగ్గరే తునికాకు కత్తిరించి, చేటలో తంబాకు పెట్టుకుని, వెయ్యి బీడీల లెక్కన చుట్టి కార్ఖానాకు అప్పజెప్పారు. గాంధారి, లింగంపేట, ఎల్లారెడ్డి చుట్టుపక్కల తండాల నుంచి పట్టణానికి వచ్చి అడ్డా మీద కూలికి నిలబడేవారు, రైస్ మిల్లుల హమాలీలు, ఆటో నడిపేవారు, ఇండ్లలో పనిచేసేవారు. ఈ ఇండ్ల పిల్లలే ఇప్పుడు పదహారు నుంచి పాతికేళ్ల వయసులో ఉన్నారు.

వీరికోసం ఏమీ చేయలేదనడం అన్యాయం. పేద పట్టణ యువతకు పని నేర్పే ప్రయత్నానికి తెలుగునాట దాదాపు అర్ధ శతాబ్దపు చరిత్ర ఉంది. జంట నగరాల నిరుద్యోగుల కోసం 1978లో సెట్విన్ పెట్టారు. పాతబస్తీలో కుట్టు, టైపు, మెకానిక్ పనులు నేర్చుకున్నవారెందరికో అదే మొదటి మెట్టు. ఆ పేరుతో తిరిగిన చిన్న బస్సులు హైదరాబాద్ వాసులందరికీ గుర్తే. 1996లో ఏర్పడిన డాక్టర్ రెడ్డీస్ ఫౌండేషన్ 1999లో హైదరాబాద్‌లో ‘ల్యాబ్స్’ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. పదో తరగతి దగ్గరో ఇంటర్ దగ్గరో చదువు ఆగిన బస్తీ యువతకు దాదాపు మూడు నెలల శిక్షణ. అందులో కొత్తదనం కోర్సును నిర్ణయించిన పద్ధతిలో ఉంది. ముందు చుట్టుపక్కల హోటళ్లు, దుకాణాలు, ఆసుపత్రులు, కార్యాలయాలు తిరిగి ఎక్కడ ఏ పనికి మనుషులు కావాలో కనుక్కున్నారు. ఆ తర్వాతే బస్తీల్లోకి వెళ్లి పిల్లల్ని పిలిచారు. పని చూసి పాఠం తయారుచేయడం అన్నమాట. తర్వాత వచ్చిన చాలా పథకాలు ఈ వరసను తలకిందులు చేశాయి. ముందు కోర్సు, తర్వాత దానికి పిల్లలు, చివర్లో పని కోసం వెతుకులాట.

2005లో ఉమ్మడి రాష్ట్ర గ్రామీణాభివృద్ధి శాఖ ఉపాధి కల్పన, మార్కెటింగ్ మిషన్ (ఈజీఎంఎం)ను పెట్టినప్పుడు నగరంలో నేర్చుకున్న ఈ పాఠాల్లో కొన్ని పల్లెలకు చేరాయి. 2011లో రాజీవ్ యువకిరణాలు వచ్చాయి. 2014 నాటికి 15 లక్షల మందికి ఉపాధి లక్ష్యమన్నారు. 2014 సెప్టెంబరులో కేంద్రం గ్రామీణ కౌశల్య యోజన, 2015 జులైలో ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన ప్రకటించింది. రాష్ట్రం తరఫున నైపుణ్య శిక్షణ సంస్థ టాస్క్, డిగ్రీ కళాశాలల్లో నైపుణ్య కేంద్రాలు, టీ-శాట్ ప్రసారాలు వచ్చాయి. పేర్లకు కొదవ లేదు. అయితే లక్ష్యం లక్షల్లో మొదలైన ప్రతిసారీ లెక్క సర్టిఫికెట్ల దగ్గర ఆగిపోయింది. 2025 డిసెంబరులో పార్లమెంటు ముందుకు వచ్చిన కాగ్ నివేదిక ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన రికార్డులు తిరగేసింది. శిక్షణ పొందినట్టు నమోదైనవారిలో 94 శాతానికి పైగా మందికి బ్యాంకు ఖాతా గడి ఖాళీగానో సున్నాలతోనో ఉందని తేల్చింది. దాదాపు కోటి మంది వివరాలున్న పట్టిక అది. నేర్చుకున్నవాడు ఎవరో, ఎక్కడున్నాడో పథకానికే తెలియనప్పుడు, ఆ శిక్షణ వాడికి ఏమిచ్చిందో ఎవరు చెప్పగలరు?

ఇక్కడే ఈ వ్యాసం చెప్పదలచిన మాట ఉంది. శిక్షణ అనే ఆ మూడు నెలల కోసం మనం కావలసినంత ఖర్చు పెడుతున్నాం. అసలు కొరత దానికి ముందున్న పదేళ్ల చదువులోనూ, తర్వాత వచ్చే మొదటి ఏడాదిలోనూ ఉంది.

ముందున్న పదేళ్ల విషయంలో ఈ జిల్లా దగ్గర గొప్ప నిదర్శనమే ఉంది. తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమె వయసు 13 ఏళ్ల 11 నెలలు. సొంతూరు నిజామాబాద్ జిల్లా సిరికొండ మండలం పాకాల. తల్లిదండ్రులు కూలి పనిచేసే లంబాడా కుటుంబం. అంత చిన్న వయసువారికి నేపాల్ వైపు నుంచి అనుమతి దొరకదు కాబట్టి కఠినమైన టిబెట్ వైపు నుంచి ఎక్కింది. భువనగిరి బండ మీద మొదటిసారి తాడు పట్టుకున్న ఆ అమ్మాయి 2022 నాటికి ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలూ ఎక్కింది. ఆమెది అసాధారణమైన గెలుపు, ప్రతి పిల్లకూ సాధ్యం కాదు. కానీ ఆ గెలుపుకు నేల సిద్ధం చేసినవి మామూలు విషయాలే. మూడు పూటల తిండి, రాత్రి చదువుకోవడానికి దీపం, పక్కనే టీచర్లు, ఏడాది పొడవునా నిలకడ. ఇంట్లో తమ్ముడిని ఎత్తుకునే పని లేదు, బీడీ ఆకు కత్తిరించే పని లేదు. పత్తి ఏరే కాలంలో బడి మానే పని లేదు.

గురుకులాల ఆలోచన ఇక్కడ కొత్తది కాదు. సాంఘిక సంక్షేమ గురుకులాలు 1980ల నుంచి ఉన్నాయి. ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ కార్యదర్శిగా పనిచేసిన 2012 నుంచి 2021 మధ్య కాలంలో అవి కొత్త ఊపు అందుకున్నాయి. 2016లో మైనారిటీ గురుకులాలు 71తో మొదలై 204కు చేరాయి. బీసీ, గిరిజన గురుకులాలనూ కలిపితే రాష్ట్రంలో వెయ్యి దాటాయి. ఆ వేగానికి సొంత భవనాలు తోడు రాలేదు. అద్దె భవనాల్లో ఇరుకు గదులు, అన్నం బాగాలేదన్న ఫిర్యాదులు వార్తల్లోకి ఎక్కుతూనే ఉన్నాయి. 2024లో డైట్ ఛార్జీలు 40 శాతం పెంచారు. అంతకుముందు చాలా ఏళ్ల పాటు ధరలు పెరుగుతున్నా పిల్లల పళ్లెం మీద పెట్టే ఖర్చు పెరగలేదు. గురుకులం ఈ ప్రాంతపు పేద ఇంటికి దొరికిన అన్నిటికన్నా మంచి పథకం. దాన్ని కాపాడుకోవడం కొత్త పథకం ప్రకటించడం కన్నా ముఖ్యం.

గురుకులంలో సీటు రాని పిల్లల మాటేమిటి? వారికి పదో తరగతే పెద్ద గడప. గల్ఫ్‌తో ముడిపడిన ఈ జిల్లాలో ఆ సర్టిఫికెట్‌కు మరో విలువ కూడా ఉంది. 1983 నాటి వలసల చట్టం కింద, పదో తరగతి పాస్ కానివారికి ఈసీఆర్ పాస్‌పోర్టు వస్తుంది. వారు గల్ఫ్‌లో పనికి వెళ్లాలంటే ప్రభుత్వ వలస అనుమతి తప్పనిసరి. ప్రవాసీ భారతీయ బీమా కూడా తప్పనిసరి. పది పాసైనవారికి ఆ అనుమతి అవసరం లేదు. దీనివల్ల తిరుగుడు తగ్గుతుంది, కాస్త మెరుగైన పనికి అవకాశం పెరుగుతుంది. అదే సమయంలో ఉద్యోగ ఒప్పందాన్ని ఒకసారి చూసే ప్రభుత్వ కన్ను, బీమా రక్షణ రెండూ తప్పిపోతాయి. పది పాసై దుబాయికి పోయే కుర్రాడికి ఈ సంగతి బడిలోనే చెప్పాలి. విజిట్ వీసా మీద పంపి పని చూపిస్తామనే ఏజెంటును ఎలా గుర్తుపట్టాలో, ప్రభుత్వం నడిపే టామ్‌కామ్ ద్వారా విదేశీ ఉద్యోగానికి ఎలా నమోదు చేసుకోవాలో కామారెడ్డి జిల్లాలో పదో తరగతి పాఠంలో భాగం కావాలి. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబానికి 5 లక్షల పరిహారం ఇవ్వాలని రాష్ట్రం 2024లో నిర్ణయించింది, మంచిదే. వెళ్లేముందు దొరికే ఒక గంట సలహా అంతకన్నా చవక, ఒక ప్రాణం కాపాడగలదు కూడా.

పది తప్పినవారికి తెలంగాణ ఓపెన్ స్కూల్ ఉంది. ఆపైన 1982లో హైదరాబాద్‌లో మొదలైన, దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. ఇప్పుడది అంబేద్కర్ పేరుతో నడుస్తోంది. కామారెడ్డిలో ప్రభుత్వ డిగ్రీ కళాశాల, భిక్కనూరులో తెలంగాణ విశ్వవిద్యాలయం దక్షిణ ప్రాంగణం ఉన్నాయి. చదువు మానేసి నాలుగేళ్లు బట్టల దుకాణంలో పనిచేసిన అమ్మాయి తిరిగి పుస్తకం పట్టుకునే దారి ఉంది. ఆ దారి ఉందని ఆమెకు చెప్పేవారే తక్కువ.

బీడీ ఇండ్ల ఆడపిల్లల సంగతి కొంచెం ఆగి చూడాలి. తల్లికి పీఎఫ్ ఖాతా ఉంటే జీవనభృతి కింద నెలకు 2,016 రూపాయలు వస్తాయి. ఆ కుటుంబపు పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ ఉపకార వేతనం కూడా ఉంది. తరగతిని బట్టి ఏడాదికి వెయ్యి నుంచి 25 వేల రూపాయల దాకా. దానికి మూలం 1976లో వచ్చిన బీడీ కార్మికుల సంక్షేమ నిధి. జీఎస్టీ రాకతో 2017లో బీడీల మీద సెస్సు రద్దయింది, నిధికి ప్రత్యేక ఆదాయం పోయింది. పథకం బడ్జెట్ మీద ఆధారపడి నిలిచింది. ఆన్‌లైన్ దరఖాస్తులో తల్లి గుర్తింపు కార్డు, ఆధార్, బ్యాంకు ఖాతా, పేరులోని అక్షరాలు అన్నీ సరిపోలాలి. పేద ఇంట్లో ఈ నాలుగూ ఒకేలా ఉండడం అరుదు. ఒక అక్షరం తేడాతో ఒక ఏడాది ఫీజు పోతుంది.

ఆడపిల్లల చదువుకు ఈ మధ్య వచ్చిన అతిపెద్ద సాయం విద్యా శాఖ నుంచి రాలేదు, ఆర్టీసీ నుంచి వచ్చింది. 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి ఉచిత బస్సు ప్రయాణం వల్ల ఎల్లారెడ్డి అమ్మాయి నలభై కిలోమీటర్లకు పైగా ఉన్న కామారెడ్డికి రోజూ ఖర్చు లేకుండా వచ్చి డిగ్రీయో, కంప్యూటర్ కోర్సో చదవగలదు. నైపుణ్య పథకాల రూపకర్తలు దీన్నుంచి నేర్చుకోవలసింది చాలా ఉంది. పేద పిల్లకు కోర్సు ఫీజు ఒక్కటే అడ్డం కాదు. బస్సు కిరాయి, మధ్యాహ్నం తిండి, చీకటి పడేలోపు ఇంటికి చేరే వీలు కూడా అంతే పెద్ద అడ్డాలు.

డిగ్రీకి వచ్చాక ఇంకో చిక్కు. 2008లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం విస్తృతంగా మొదలుపెట్టిన ఫీజు రీయింబర్స్‌మెంట్ లక్షల ఇండ్లలో మొదటి పట్టభద్రులను తయారుచేసింది. అంత మేలు చేసిన పథకమే బకాయిలతో కుంగిపోయింది. 2025 నవంబరులో బకాయిలు చెల్లించాలంటూ ప్రైవేటు కళాశాలలు రాష్ట్రమంతా బంద్ పాటించాయి. ప్రభుత్వం, యాజమాన్యాల మధ్య నలిగేది విద్యార్థి. ఫీజు రాలేదని ఒరిజినల్ సర్టిఫికెట్లు కళాశాల బీరువాలో ఉండిపోతే, ఉద్యోగం చూపించే శిక్షణ ఎంత ఉన్నా అక్కరకు రాదు.

ఇప్పుడు మొదటి ఏడాది సంగతి. శిక్షణ పూర్తయింది, హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. జీతం చేతికొచ్చేది నెల తిరిగాక. అంతలోపు హాస్టల్ అడ్వాన్సు, తిండి, రోజూ బస్సు. ఎవరి దగ్గర అప్పు తేవాలి? కేంద్రం 2024 అక్టోబరులో మొదలుపెట్టిన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం ఈ చిక్కును అంకెల్లో చూపించింది. 21 నుంచి 24 ఏళ్ల వారికి పెద్ద కంపెనీల్లో ఏడాది పని, నెలకు 5,000 రూపాయలు. తొలి విడతలో 82 వేల అవకాశాలు ఇస్తే ఒప్పుకున్నది దాదాపు 28 వేల మంది. చేరింది దాదాపు 8,700 మంది. పిల్లలకు పని మీద శ్రద్ధ లేదని అనేవారు ఐదు వేలతో నగరంలో నెల గడిపి చూడాలి. ఊరు దాటాల్సి వచ్చిన చోట ఆ డబ్బు గది అద్దెకే చాలదు.

అమెరికాలో ఇదే ప్రశ్నకు ఒక జవాబు దొరికింది. 2000లో బోస్టన్‌లో మొదలైన ‘ఇయర్ అప్’ పేద పట్టణ యువతకు ఆరు నెలలు నేర్పుతుంది, ఆరు నెలలు కంపెనీలో పనిచేయిస్తుంది. ఏడాదంతా భృతి ఇస్తుంది, వెంట ఒక సలహాదారు ఉంటారు. పరిశోధకులు లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేసి ఏళ్ల తరబడి పోల్చి చూశారు. అందులో చదివినవారు మిగతావారికన్నా ఏడాదికి వేల డాలర్లు ఎక్కువ సంపాదిస్తున్నారని, ఆ తేడా ఏళ్లు గడిచినా నిలిచిందని తేలింది. ఒక్కొక్కరి మీద ఖర్చు 28 వేల డాలర్లకు పైనే. అంత డబ్బు మన దగ్గర లేదు. అయితే మనిషి వెంట ఏడాది పాటు నిలబడితే ఫలితం నిలుస్తుందన్నది మాత్రం మనకూ పనికొచ్చే విషయమే.

అందరూ హైదరాబాద్‌కే ఎందుకు పోవాలన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. కామారెడ్డిలో డెయిరీ టెక్నాలజీ కళాశాల ఉంది. పాల పరిశ్రమకు ఇంజినీర్లను తయారుచేసే ఇలాంటి కళాశాలలు రాష్ట్రంలో అరుదు. అడ్లూర్ ఎల్లారెడ్డిలో చక్కెర కర్మాగారం ఉంది. (పేరు కలిసినా ఆ ఊరు వేరు, ఈ ఎల్లారెడ్డి వేరు.) జిల్లా నిండా రైస్ మిల్లులు, నిజాంసాగర్ కింద వరి, ఎటు చూసినా బోరు మోటార్లు, ట్రాక్టర్లు, కోత యంత్రాలు. 2023 సెప్టెంబరులో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. డాక్టర్లతో పాటు ల్యాబ్ టెక్నీషియన్లు, ఎక్స్‌రే తీసేవారు, ఆపరేషన్ థియేటర్ సహాయకులు కావాలి. పాల శీతలీకరణ యంత్రం బాగుచేసే కోర్సు, మిల్లు ఎలక్ట్రీషియన్ కోర్సు, ఆసుపత్రి సహాయకుల కోర్సు ఇక్కడి కుర్రాడికి ఇంటి దగ్గరే పని చూపించగలవు. 1999లో ల్యాబ్స్ హైదరాబాద్ వీధుల్లో చేసినట్టు కామారెడ్డిలో ఎవరైనా ముందు దుకాణాలు, మిల్లులు, ఆసుపత్రులు తిరిగి అడగాలి కదా.

రాష్ట్రం 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి 2,324 కోట్లతో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని చేపట్టింది. 2024 జూన్‌లో మల్లేపల్లి ఐటీఐలో దానికి పునాది వేశారు. రోబోటిక్స్, విద్యుత్ వాహనాల మరమ్మతు నేర్పుతారు. తుప్పు పట్టిన లేతు మెషీన్ల మీద నేర్చుకున్న తరం తర్వాత ఇది నిజంగా పెద్ద మార్పు. ఆ రోబోలున్న కర్మాగారాలు మాత్రం కామారెడ్డిలో లేవు, నగరం చుట్టూ ఉన్నాయి. కాబట్టి యంత్రాల మీద పెట్టే ఖర్చుతో పాటు పనిలో చేరే పిల్లలకు వసతి మీదా ఖర్చు పెట్టాలి. 2024 ఆగస్టులో మీర్‌ఖాన్‌పేట దగ్గర శంకుస్థాపన చేసిన యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీకీ ఇదే వర్తిస్తుంది.

సొంత వ్యాపారానికి 2025 మార్చిలో రాజీవ్ యువ వికాసం ప్రకటించారు. 5 లక్షల మందికి 6,000 కోట్లు. 16 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఆ జూన్ 2న మంజూరు పత్రాలు ఇస్తామన్నారు, వాయిదా వేశారు. కుల, ఆదాయ ధ్రువపత్రాల కోసం మీసేవ కేంద్రాల ముందు ఎండలో నిలబడిన కుర్రాళ్లకు ఆ వాయిదా మామూలు విషయం కాదు. ఆశ పెట్టి ఆపడం ఏ పథకానికైనా మంచిది కాదు.

మొదటి ఏడాది బాధ్యత ఎవరు తీసుకోవాలన్నదానికి కొత్త సంస్థ అక్కర్లేదు. కామారెడ్డిలోనూ ఎల్లారెడ్డిలోనూ మెప్మా కింద మహిళా సంఘాలున్నాయి. వాటిని నడిపించే ఆర్పీలు (రిసోర్స్ పర్సన్లు) వార్డులో ఏ ఇంట్లో ఎవరున్నారో, ఎవరి కొడుకు ఏ పనిలో ఉన్నాడో ఎరిగినవారు. సంఘాల అప్పుల కిస్తీ నెలనెలా రాసేవారికి శిక్షణ పొందిన పిల్లల వివరాలు మూడో నెలలో, ఆరో నెలలో, పన్నెండో నెలలో రాయడం పెద్ద భారం కాదు. దానికి వేరుగా గౌరవ వేతనం ఇవ్వాలి. ఇంకా పనిలో ఉన్నాడా, జీతమెంత, మానేస్తే ఎందుకు మానేశాడు, ఊరికి తిరిగొచ్చాడా, మళ్లీ చదవాలనుకుంటున్నాడా అన్నంత వరకు రాస్తే చాలు. శిక్షణ సంస్థకు చెల్లించే చివరి వాయిదాను ఆ పన్నెండో నెల కాగితానికి ముడిపెట్టాలి. మొదటి జీతం వచ్చేదాకా రెండు నెలల ఖర్చుకు సంఘం నుంచి వడ్డీ లేని చిన్న అప్పు ఇప్పించవచ్చు. పనిచేసే మహిళలకు కేంద్రం సఖీ నివాస్ పేరుతో హాస్టళ్ల పథకం నడుపుతోంది. హైదరాబాద్‌లో అలాంటి వాటిలో జిల్లా అమ్మాయిలకు కొన్ని గదులు కేటాయించమని జిల్లా యంత్రాంగం అడగవచ్చు. ఎల్లారెడ్డి మున్సిపాలిటీలో ఈ పని ఒక్క వార్డుతో మొదలైనా, వచ్చే ఏడాది ఏ కోర్సు ఉంచాలో ఏది తీసేయాలో చెప్పే మొదటి నమ్మకమైన లెక్క అదే అవుతుంది.